సిపాయి ఇల్లు, సర్కారు హామీ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం అన్నట్టు లేదు. ఇల్లు అమ్ముకోవడం కూడా ఒక చరిత్రేనని, దానిలోనూ యుద్ధాలూ చట్టాలూ న్యాయస్థానాలూ ఉంటాయని నాకు తెలియడానికి ఒకరి ఇల్లు నేను కొనవలసివచ్చింది.

2010 జూలైలో వర్జీనియా బీచ్‌లో మేమొక ఇల్లు కొన్నాము. ఈ ఊరి పక్కనే నార్‌ఫొక్ నౌకాస్థావరం ఉంది. ప్రపంచంలోని నౌకాస్థావరాలన్నిటిలోకి పెద్దదిగా దానికి పేరు. ఊళ్ళోనే ఓషియానా అనే నౌకాదళ విమానస్థావరమూ ఉంది. ఇక్కడ ఇల్లు కొనేవాడు తలమీదుగా యుద్ధవిమానాలు పోతాయని, ఆ రొద తనకు తెలిసే కొంటున్నానని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అమ్మేవాడు తరచుగా ఆ విమానాలకో ఆ ఓడలకో సంబంధించినవాడే అయి ఉంటాడు. మాకు అమ్మినాయన నౌకాదళంలో పెట్టీ ఆఫీసరు. దేశానికి ఆ చివరనున్న వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమర్టన్‌కు ఆయనకు బదిలీ అయింది.

మేము కొన్న పద్ధతిని ఇక్కడ షార్ట్ సేల్ అంటారు. ఇంటి మీదున్న అప్పు కంటే ఇల్లు పలికే ధర తక్కువైనప్పుడు, ఆ తక్కువ ధరకే అమ్ముకోనిచ్చి, వచ్చినదానితో తాకట్టు వదులుకోవడానికి అప్పిచ్చినవాడు ఒప్పుకోవడమే షార్ట్ సేల్. అటువంటి అప్పున్న ఇంటిని ఇక్కడివాళ్ళు "నీట మునిగిన ఇల్లు" అంటారు. "అప్పుల్లో మునిగిపోయాడు" అనే అలవాటున్న మనకు ఈ మాట తేలికగానే అర్థమవుతుంది. ఇక్కడ మనిషికి బదులు ఇల్లు మునుగుతుంది, అంతే.

మేము ఫిబ్రవరిలో ధర చెప్పాము. బ్యాంకు నుంచి జవాబు రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆలోగా మిత్రులందరూ "మంచి బేరం కొట్టావు" అంటూ అభినందించారు. తెనాలిలో ఉన్న అమ్మకు ఫోనులో సంగతంతా చెబితే ఆమె మాత్రం అభినందించలేదు.

"ఎవరిల్లురా అది? ఏడ్చి అమ్ముకున్న ఇల్లు అచ్చిరాదు. వాళ్ళ ఉసురు మనకెందుకు?" అంది.

నేను నవ్వి, ఇక్కడ అలాటివేమీ ఉండవని, ఆయన సైనికుడు గనుక ఆ అప్పుకు ప్రభుత్వమే హామీ ఉన్నదని, నష్టం ప్రభుత్వం భరిస్తుందని చెప్పాను. హామీ అన్న మాట వినగానే అమ్మ ఊరుకుంది. మా ఇంట్లో ఆ మాటకు ఒక కథ ఉంది. 1978లో నాన్న తోటి ఉపాధ్యాయుడొకరి అప్పుకు హామీ సంతకం పెట్టారు. ఆయన కట్టలేకపోయాడు. ఆరేళ్ళపాటు ప్రతి నెలా నాన్న జీతంలోనుంచి ఆ వాయిదా కోత పడింది. మన 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు తాను కట్టిన సొమ్మును అసలు బాకీదారు దగ్గర రాబట్టుకోవచ్చు. నాన్న ఆ పని చేయలేదు. అమ్మ కాసేపాగి, "మరి మీ సర్కారు తర్వాత వాణ్ణి అడగదా?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. కొంతకాలానికి వెదికితే దొరికిన జవాబే ఈ వ్యాసం.

* * *

అమెరికా తన సైనికుల ఇళ్ళకు హామీ ఉండాలని నిర్ణయించుకున్నది దయతోనే కాదు, కొంత భయంతో కూడాను. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవారికి 1924లో ఒక బోనసు మంజూరు చేశారు గాని, సొమ్ము 1945లో ఇస్తామన్నారు. మధ్యలో మహామాంద్యం వచ్చిపడింది. 1932లో వేలాది మాజీ సైనికులు ఆ సొమ్ము ఇప్పుడే ఇమ్మంటూ వాషింగ్టన్ నగరానికి వచ్చి, అనకోస్టియా నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. జూలై 28న జనరల్ మెకార్థర్ నాయకత్వాన సైన్యం వచ్చి వారిని తరిమివేసింది, గుడిసెలు తగలబడ్డాయి. ఒక యుద్ధంలో పోరాడినవారిపై అదే సైన్యం దండెత్తిన ఆ దృశ్యాన్ని అమెరికా రాజకీయవేత్తలు చాలాకాలం మరచిపోలేదు.

రెండవ యుద్ధం ముగియకముందే, 1944 జూన్ 22న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సైనికుల పునరావాస చట్టానికి ఆ జ్ఞాపకం నేపథ్యం. జి.ఐ. బిల్లుగా లోకానికి తెలిసినది అదే. చదువు, నిరుద్యోగ భృతి, ఇంటి అప్పు దానిలోని ముఖ్యాంశాలు. ఇంటి విషయంలో ప్రభుత్వం నేరుగా డబ్బివ్వలేదు. బ్యాంకు ఇచ్చే అప్పులో సగానికి, 2,000 డాలర్లు మించకుండా, హామీ ఉంటానన్నది. వడ్డీ 4 శాతం దాటకూడదన్నది. 1945 చివర ఆ హామీని 4,000కు, 1950లో 7,500కు పెంచారు. 1944 నుంచి 1952 వరకు సుమారు 24 లక్షల ఇళ్ళ అప్పులకు ఈ హామీ లభించింది. చేతిలో ముందుగా పెట్టడానికి డబ్బు లేని పాతికేళ్ళ కుర్రవాడు ఇంటివాడయ్యాడంటే ఈ చట్టం చలవే.

కాని చదువరులు ఒక్క విషయం గమనించాలి. హామీ అనేది సైనికుడి పేర ఉన్నా, అది ఇచ్చినది బ్యాంకుకు. సైనికుడు కట్టకపోతే నీకు నష్టం రానివ్వనని ప్రభుత్వం బ్యాంకుకు చెప్పిన మాట అది. బ్యాంకు అప్పే ఇవ్వనన్నచోట ఆ హామీకి విలువ లేదు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 పట్టణాలను పరిశీలిస్తే, ఈ హామీతో ఇచ్చిన 3,229 అప్పులలో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు. చట్టంలో రంగు ప్రసక్తి లేదు. అప్పిచ్చే బల్ల దగ్గర ఉన్నది.

సైనికుడు కట్టలేక ఇల్లు పోతే ఏమవుతుంది? ఇల్లు వేలానికి వస్తుంది. తక్కువ పడిన సొమ్మును హామీ మేరకు ప్రభుత్వం బ్యాంకుకు చెల్లిస్తుంది. అక్కడితో బ్యాంకు పని అయిపోతుంది. ఆ తరువాత అమ్మ అడిగిన ప్రశ్న వస్తుంది.

సర్కారు అడిగింది. అడగడమే కాదు, న్యాయస్థానానికి ఈడ్చింది. కొన్ని రాష్ట్రాలలో బాకీదారుకు రక్షణగా చట్టాలున్నాయి. అప్పిచ్చినవాడు వేలంలో ఇంటిని కారుచవకగా తానే పాడుకొని, మిగిలిన బాకీకోసం మళ్ళీ మీద పడకుండా, ఇంటి అసలు విలువను లెక్కగట్టాలని అవి చెబుతాయి. పెన్సిల్వేనియాలో అటువంటి చట్టమున్నది. ఆ రాష్ట్రపు మాజీ సైనికుడి ఇల్లొకటి వేలానికి పోయి, ప్రభుత్వం బ్యాంకుకు 4,000 డాలర్ల హామీ చెల్లించి, ఆ సొమ్ముకోసం అతనిపై దావా వేసింది. రాష్ట్ర చట్టం ప్రకారం తాను బాకీ లేనని అతని వాదన. 1961లో అమెరికా సుప్రీం కోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చింది. హామీదారు కట్టిన సొమ్మును రాబట్టుకోవడానికి కేంద్రప్రభుత్వపు నియమాలు చాలునని, రాష్ట్ర చట్టం దానికి అడ్డురాదని తేల్చింది.

అంటే, హామీ ఉండడంవల్ల సైనికుడి అప్పు తీరలేదు. అప్పు ఒక చేతినుంచి మరొక చేతికి మారింది. మునుపటి చేయి బ్యాంకుది, ఆ తరువాతది దేశానిది. బ్యాంకు బాకీనైతే కొన్ని రాష్ట్రాలలోనైనా తప్పించుకోవచ్చునేమో గాని, దేశానికి పడిన బాకీని తప్పించుకోవడం మరీ కష్టం. నాన్న తన మిత్రుడి విషయంలో చేయని పనిని ఈ ప్రభుత్వం తన సైనికుల విషయంలో నలభై అయిదేళ్ళు చేసింది.

* * *

ఈ పద్ధతి ఎంత కఠినమైనదో 1980లలో బాగా తెలిసివచ్చింది. 1986లో ముడిచమురు ధర సగానికి పైగా పడిపోయింది. చమురుమీద బ్రతికే టెక్సస్, ఓక్లహోమా, లూసియానాలలో ఉద్యోగాలు పోయాయి, ఇళ్ళ ధరలు కూలాయి. అప్పు కంటే ఇంటి ధర తక్కువైపోయిన కుటుంబాలు తాళంచెవులు బ్యాంకుకు పంపి వెళ్ళిపోయిన రోజులవి. మాజీ సైనికులు అలా వెళ్ళినా వారి వెనుకనే ప్రభుత్వపు బాకీ నోటీసు వెళ్ళేది.

1989లో కాంగ్రెసు చట్టాన్ని మార్చింది. 1990 జనవరి 1నుంచి తీసుకున్న అప్పుల విషయంలో, మోసమో అబద్ధపు ప్రకటనో దురుద్దేశమో ఉంటే తప్ప, తాను చెల్లించిన హామీ సొమ్మును ప్రభుత్వం సైనికుడినుంచి వసూలు చేయదు. దీనికి ప్రతిగా అప్పు తీసుకునేటప్పుడే ఒక రుసుము కట్టించుకుంటారు. ఆ రుసుము అంతకుముందునుంచీ ఉన్నదే. 2006 నాటికి, మొదటిసారి, ముందస్తు సొమ్మేమీ పెట్టకుండా కొనే సైనికుడికి అది అప్పులో 2.15 శాతం. సైనిక సేవవల్ల కలిగిన వైకల్యానికి భృతి పొందేవారికి మినహాయింపు. చేతిలో డబ్బు లేనివారు ఆ రుసుమునుకూడా అప్పులోనే కలుపుకోవచ్చు. దానివల్ల ఇల్లు కొన్న రోజునే ఇంటి ధరకంటే అప్పు కొంచెం ఎక్కువగా ఉంటుంది. మరొక విధంగా చెప్పాలంటే, ఇల్లు మొదటి రోజునుంచే పాదాలు మునిగేంత నీటిలో ఉంటుంది.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. 2006లో 2,60,000 డాలర్లకు ఇల్లు. రుసుముతో కలిపి అప్పు 2,65,590. ముప్పై ఏళ్ళకు, 6.25 శాతం వడ్డీ. నెలకు సుమారు 1,635. నాలుగేళ్ళు ఒక్క వాయిదాకూడా తప్పకుండా కడితే, కట్టినది 78,000 దాటుతుంది. అసలులో తగ్గినది 14,000 లోపే. ఇంకా బాకీ సుమారు 2,52,000. 2010లో ఆ ఇల్లు 2,15,000 పలికితే, మధ్యవర్తుల కమిషనూ ఇతర ఖర్చులూ పోగా చేతికి వచ్చేది 2,00,000. అంటే 52,000 తక్కువ. ఈ పరిమాణపు అప్పులలో ప్రభుత్వపు హామీ నాలుగవ వంతు, అంటే సుమారు 66,000. కాబట్టి ఆ 52,000 హామీ పరిధిలోనే ఉంది.

ఇటువంటి అమ్మకాన్ని సైనిక సంక్షేమశాఖ తన భాషలో "కాంప్రమైజ్ సేల్" అంటుంది, రాజీ అమ్మకమన్నమాట. శాఖ తరఫున ఒకరు వచ్చి ఇంటి విలువ కడతారు. ఇల్లు వేలానికి వచ్చి తన చేతికి చేరితే దాన్ని నిర్వహించి అమ్మడానికయ్యే ఖర్చును ఆ విలువలోంచి శాఖ తీసివేస్తుంది. కొనేవాడు ఇచ్చే ధరలో నికరంగా అంతకు తక్కువ కాకుండా వస్తే అమ్మకానికి ఒప్పుకొని, తేడాను బ్యాంకుకు చెల్లిస్తుంది. వేలంకంటే ఇందులో శాఖకు నష్టం తక్కువ, ఇల్లు ఖాళీగా పడి పాడవదు, సైనికుడి పేరుమీద వేలం మచ్చ పడదు. అమ్మకం కుదరకపోతే మరొక దారి ఉంది: ఇంటి దస్తావేజును బ్యాంకుకు స్వచ్ఛందంగా రాసిచ్చి బయటపడడం. మాఫీ అయిన అప్పును ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసే పద్ధతి ఇక్కడ ఉన్నది. సొంత నివాసాల విషయంలో దానినుంచి ఉపశమనం కలిగిస్తూ 2007 డిసెంబరులో ఒక చట్టం చేశారు. ఆ సంక్షోభపు సంవత్సరాలలో ఎందరినో అది ఆదుకున్నది.

అయితే అమ్మ ప్రశ్నకు ఇక్కడితో జవాబు పూర్తి కాలేదు. ప్రభుత్వం డబ్బు అడగడం మానింది గాని, గుర్తుపెట్టుకోవడం మానలేదు. సైన్యంలో పనిచేసినందుకు ప్రతివారికీ ఈ హామీలో ఒక వంతు హక్కుగా వస్తుంది. ఒక ఇంటికి వాడుకున్న హక్కు, ఆ ఇల్లు పూర్తిగా అప్పు తీరి అమ్ముడైతే తిరిగివస్తుంది. తక్కువ ధరకు అమ్మి ప్రభుత్వం నష్టం భరిస్తే, ఆ నష్టాన్ని తిరిగి కట్టేదాకా ఆ భాగం తిరిగిరాదు. కట్టమని ఎవరూ ఇంటిమీదికి రారు. కాని మళ్ళీ ఇల్లు కొనబోయిన రోజున, మిగిలిన హక్కుతో సరిపెట్టుకోవలసివస్తుంది. పరపతి నివేదికలో ఆ అమ్మకపు గుర్తు కొన్నేళ్ళు ఉండనే ఉంటుంది.

* * *

ఇక నేను విన్న కథకు వస్తాను.

ఇల్లు చేతులు మారే ముందు చివరిసారి చూసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ పెట్టీ ఆఫీసరు భార్య అక్కడ ఉన్నది. ఆయన అప్పటికే బ్రెమర్టన్‌లో ఉద్యోగంలో చేరిపోయాడు. ఆమె మాకు నీటిమీటరు ఎక్కడుందో, వెనుకతలుపు గడియ వర్షాకాలంలో ఎలా బిగుసుకుంటుందో చూపించింది. ఆ తరువాత వంటగదిలో నిలబడి కొద్దిసేపు మాట్లాడింది. ఆమె మాటల్లో నిష్ఠూరం లేదు. మేము 2006 సెప్టెంబరులో కొన్నాము అన్నది. ఒక్క వాయిదా కూడా తప్పలేదు అన్నది. బదిలీ ఉత్తరువు రాగానే బ్యాంకుకు ఫోను చేస్తే, మీరు వాయిదాలు సక్రమంగా కడుతున్నారు గనుక మీకు ఏ సహాయమూ వర్తించదు, కట్టడం మానిన తరువాత రండి అన్నారట.

సామాన్యుడికి ఇది విడ్డూరపు సలహా. సైనికుడికి ప్రమాదకరమైన సలహా. రహస్య సమాచారం చూడడానికి ఇచ్చే అనుమతి ప్రతి సైనికుడి అప్పులనూ బాకీలనూ పరిశీలించి ఇచ్చేది. అప్పు ఎగవేసినవాడు శత్రువుకు లొంగవచ్చునని అనుమానం. ఆ అనుమతి పోతే అనేకమందికి ఉద్యోగమే కష్టం. ఇల్లు అద్దెకిద్దామంటే వచ్చే అద్దె వాయిదాకు చాలదు. బదిలీ కాదనడానికి వీల్లేదు, అది ఉత్తరువు. కడుతూపోతే రెండు చోట్ల ఇంటి ఖర్చు, మానితే ఉద్యోగానికి ముప్పు. చివరకు వారు రెండు వాయిదాలు మానినట్టు ఆమె చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె నావైపు చూడలేదు.

సైనికుడి అప్పు మామూలు అప్పు కాదని అమెరికా చట్టానికి తెలియక కాదు. యుద్ధానికి పోయినవాడి ఇల్లు వెనుకనుంచి వేలం వేయకుండా 1918లోనే ఒక చట్టం చేశారు. 1940లో దాన్ని తిరిగి చేశారు, 2003లో కొత్త రూపమిచ్చారు. సైన్యంలో చేరకముందు చేసిన అప్పులపై వడ్డీ 6 శాతం మించరాదన్నారు. అయినా సంక్షోభకాలంలో కొన్ని సంస్థలు కోర్టు అనుమతి లేకుండా విధుల్లో ఉన్నవారి ఇళ్ళు వేలం వేశాయి. 2011లో న్యాయశాఖ వాటిచేత నష్టపరిహారం కట్టించింది. కాని ఈ చట్టాలన్నీ దూరంగా ఉన్నవాడి ఇంటిని కాపాడేవే. ఉత్తరువు వచ్చి ఇల్లు వదిలిపోవలసినవాడికి, పడిపోయిన ధరనుంచి అవి కాపాడలేవు.

దానికి సరిగ్గా సరిపోయే పథకమూ ఒకటి ఉండేది. 1964లో రక్షణమంత్రి మెక్‌నమారా పెద్దసంఖ్యలో స్థావరాలను మూసివేస్తున్నట్టు ప్రకటించాడు. స్థావరం మూతపడితే ఆ ఊళ్ళో ఇళ్ళ ధరలు కూలుతాయి. అక్కడ ఇల్లు కొనుక్కున్న ఉద్యోగి మునుగుతాడు. తాను చేసిన పనివల్ల ధర పడింది గనుక ఆ నష్టంలో తానూ పాలుపంచుకుంటానని ప్రభుత్వం 1966లో ఇంటి యజమానుల సహాయ పథకమొకటి పెట్టింది. సైన్యపు ఇంజనీర్ల విభాగం దాన్ని నడుపుతుంది. 2009 ఫిబ్రవరిలో, ఆర్థిక పునరుద్ధరణ చట్టంలో భాగంగా, ఈ పథకానికి 55 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి, గాయపడిన సైనికులకు, మరణించినవారి భార్యలకు, భర్తలకు, తరువాత బదిలీ అయినవారికి కూడా విస్తరించారు. హామీ బ్యాంకును కాపాడేదైతే, ఈ పథకం సైనికుణ్ణి కాపాడేది. కొన్న ధరలో సింహభాగం అతనికి దక్కేలా తేడాను ప్రభుత్వమే భరించేది. అప్పు ఎగవేయవలసిన అవసరం ఉండేది కాదు, హక్కు పోయేది కాదు, పరపతికి మచ్చ వచ్చేది కాదు.

బదిలీ అయినవారికి ఒక షరతు ఉండేది. ఆ ఇల్లు 2006 జూలై 1కి ముందు కొన్నదై ఉండాలి.

మా ఇంటి దస్తావేజు నగర దఫ్తరులో ఎవరైనా చూడవచ్చు. వాళ్ళు కొన్న తేదీ 2006 సెప్టెంబరు. ఆమె వంటగదిలో చెప్పిన నెలనే నేను మళ్ళీ ఆ కాగితంలో చూశాను. రెండు నెలల తేడా. అప్పటికి ధరలు శిఖరానికి చేరాయి గనుక, ఆ తరువాత కొన్నవారు తెలిసి కొన్నట్టేనని చట్టం చేసినవారి ఆలోచన కావచ్చు. ఏదో ఒక గీత గీయక తప్పదని నేనూ ఒప్పుకుంటాను. కాని ఓడ దిగి, పిల్లల బడులు మొదలయ్యేవేళకు ఇల్లు కొన్న నావికుడికి 2006 జూన్‌కూ సెప్టెంబరుకూ మధ్య ఏమి తెలిసివచ్చి ఉంటుందో నాకు తోచలేదు.

* * *

"కట్టడం మానిన తరువాత రండి" అన్న మాట అర్థరహితమని ప్రభుత్వం గుర్తించడానికి మరొక రెండేళ్ళు పట్టింది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద బ్యాంకులకూ, కేంద్రప్రభుత్వానికీ, 49 రాష్ట్రాలకూ మధ్య 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. బదిలీవల్ల నష్టానికి అమ్ముకోవలసివచ్చిన సైనికుల విషయంలో షార్ట్ సేల్‌కు ఒప్పుకొని, మిగిలిన బాకీ వదులుకోవాలన్నది దానిలో ఒక అంశం. అదే ఏడు జూన్‌లో ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థల అప్పులకు సంబంధించి, బదిలీ ఉత్తరువే కష్టంగా పరిగణించబడుతుందని, వాయిదాలు సక్రమంగా కడుతున్నవారు కూడా షార్ట్ సేల్‌కు అర్హులేనని ప్రకటించారు. 2010లో ఆమెకు కావలసిన మాట అదే.

ఈ చరిత్ర ఆ తరువాతా ముందుకు వెనుకకు నడుస్తూనే ఉన్నది. కట్టలేకపోతున్న సైనికుల అప్పులను సంక్షేమశాఖే బ్యాంకులనుంచి కొని, తక్కువ వడ్డీకి మార్చే పథకం 2024 మేలో మొదలై, ఏడాది తిరక్కముందే 2025 మే 1న ఆగిపోయింది. అదే సంవత్సరం జూలై 30న వచ్చిన చట్టం మరొక దారి తెరిచింది: బకాయిపడిన భాగాన్ని పక్కకు తీసి, ఇంటిమీద రెండవ తాకట్టుగా శాఖ పేర రాసుకొని, సైనికుణ్ణి ఇంట్లోనే ఉండనివ్వడం. ఒక పథకం పోవడానికీ మరొకటి రావడానికీ మధ్య కష్టం వచ్చినవారికి 2006 సెప్టెంబరులో ఇల్లు కొన్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

మొత్తంమీద చూస్తే నాకు అర్థమైనది ఇది. ఈ ఎనభై ఏళ్ళ చట్టాలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ఇల్లు మునిగినప్పుడు నష్టం ఎవరిది? 1944లో, బ్యాంకుది కాదు అన్నారు. 1961లో, సైనికుడిదే అని తేల్చారు. 1989లో, ప్రభుత్వానిది అన్నారు, కాని దాని గుర్తు సైనికుడి లెక్కలో ఉండనిచ్చారు. ప్రతి మార్పూ అంతకుముందు మునిగినవారిని చూసి చేసినదే. ఏ ఒక్కటీ వారికోసం వెనక్కు వెళ్ళలేదు. షార్ట్ సేల్ అందులో ఒక మధ్యమార్గం. మునిగినవాణ్ణి అది ఒడ్డుకు చేర్చుతుంది, ఇంటిని తేల్చదు.

అమ్మకు ఇదంతా ఒకసారి ఫోనులో చెప్పాను. సర్కారు మునుపు అడిగేదని, ఇప్పుడు అడగదని, కాని రాసిపెట్టుకుంటుందని. ఆమె విని, "మీ నాన్న రాసిపెట్టుకోలేదు" అంది. నిజమే. నాన్న పోయాక ఆయన పెట్టెలో రసీదులన్నీ ఉన్నాయి గాని, ఆ మిత్రుడి పేరున ఒక్క చీటీ కూడా లేదు.

ఆ తరువాత అమ్మ, "మళ్ళీ ఇల్లు కొనుక్కున్నాడా ఆ అబ్బాయి?" అని అడిగింది. తెలియదన్నాను.

ఆ కుటుంబం పేర సంక్షేమశాఖ కవర్లు మా ఇంటికి రెండేళ్ళపాటు వచ్చాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే బ్రెమర్టన్ చిరునామా రాసి పంపేవాళ్ళం. మూడవ ఏడు ఒక కవరు మా దగ్గరికే తిరిగివచ్చింది. అక్కడ వారు లేరని దానిమీద ముద్ర ఉన్నది. మళ్ళీ బదిలీ అయి ఉంటుంది. ఆ కవరును ఇంటి దస్తావేజుతో పాటు అదే పెట్టెలో ఉంచాము. దానిలో ఏమున్నదో తెలియదు. అది తెరిచే హక్కు మాకు లేదు. పారవేయడానికి మనసు రాలేదు.